నగరం రోడ్ల మీద సైకిల్: గేటు దాటిన దగ్గర్నుంచి ఇంటికి చేరేదాకా ట్రాఫిక్ రూల్స్

"సైకిల్‌కి చలానా పడదుగా అన్నా, ఎందుకు ఆగావ్?" టోలిచౌకి దగ్గర రెడ్ పడి నేను ఆగితే, పక్క నుంచి తొక్కుకుంటూ వెళ్లిపోయిన ఓ కుర్రాడు అడిగిన మాట ఇది. జవాబు వినే ఓపిక వాడికి లేదు. వాడన్నదాంట్లో సగం నిజమే. మిగతా సగం ఎవరూ చెప్పరు. టోలిచౌకి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లి వచ్చే మనిషిగా నాకు తెలిసినంతవరకూ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఉదాహరణలు హైదరాబాద్‌వే అయినా విజయవాడ, విశాఖల్లో తొక్కేవాళ్లకీ చాలావరకు పనికొస్తాయి.

ముందు చట్టం సంగతి

1988 మోటారు వాహనాల చట్టం మోటారు ఉన్న బళ్ల కోసం రాసింది. పెడల్ తొక్కే సైకిల్ దాని లెక్కలోకి రాదు. అందుకే మనకి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్సూ అక్కర్లేదు. హెల్మెట్ గురించి చెప్పే 129వ సెక్షన్ కూడా మోటారు సైకిళ్లకే. కెమెరా ఫొటో తీసినా దానికి దొరకడానికి మన వెనక నంబర్ ప్లేటు లేదు. కుర్రాడు చెప్పిన సగం ఇది.

ఇక మిగతా సగం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ మోటారు ఉందా లేదా అని అడగదు. ఎవరైనా సరే, రోడ్డు మీద ఏ బండినైనా ఎదుటివాళ్ల ప్రాణం మీదికి తెచ్చేలా అడ్డదిడ్డంగా నడిపితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. పాత ఐపీసీలో 279 అని ఉండేది ఇదే. సైకిల్ గుద్ది ముసలాయన తుంటి విరిగితే పోలీసులు చలానా పుస్తకం తియ్యరు, కేసు రాస్తారు.

డబ్బు లెక్క ఇంకోటి ఉంది. మిమ్మల్ని కారు గుద్దిందనుకోండి. పరిహారం కోసం మోటారు ప్రమాదాల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లినప్పుడు మీరు రాంగ్ రూట్‌లో వచ్చారనో, సిగ్నల్ దాటారనో తేలితే, మీ తప్పు ఎంతని లెక్కగడతారో అంత మేరకు కోసేస్తారు.

అసలు సైకిల్ మీద చట్టం చెయ్యి పడకపోవడం ఇప్పుడే చూస్తున్నాం. మా నాన్న రోజుల్లో మున్సిపాలిటీకో పంచాయతీకో డబ్బు కట్టి బిళ్ల తెచ్చుకుని సైకిల్‌కి బిగించుకునేవాళ్లు. రాత్రి లైటు లేకుండా దొరికితే పోలీసాయన చక్రాల్లో గాలి తీసేసేవాడు. డబుల్స్ వస్తుంటే, దూరంగా టోపీ కనపడగానే వెనకవాడు దూకేసి తనకేం సంబంధం లేనట్టు నడిచేవాడు. ఇప్పుడు బిళ్లా లేదు, డైనమో లైటూ లేదు.

బయల్దేరే ముందు రెండు నిమిషాలు

చేత్తో టైరు నొక్కి చూడండి. రెండు బ్రేకులూ పట్టి సైకిల్‌ని ముందుకు తోసి చూడండి, చక్రం కదలకూడదు. చైను జారేలా వదులుగా వేలాడకూడదు. బెల్లు మోగాలి.

రిఫ్లెక్టర్లు ముందు తెల్లవి, వెనక ఎర్రవి. కొత్త సైకిల్ కొన్నప్పుడు "అందంగా లేవు" అని పెడల్ రిఫ్లెక్టర్లు పీకించేసేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. రాత్రి వెనక వచ్చే కారువాడికి పైకీ కిందికీ ఆడే ఆ రెండు పసుపు చుక్కల్ని చూడగానే అది సైకిల్ అని తెలిసిపోతుంది. వేరే ఏ లైటూ ఆ పని అంత బాగా చెయ్యదు.

బట్టల విషయంలో ఒక్కటే మాట: వేలాడేది ఏదీ వద్దు. చున్నీ వెనక చక్రంలో, ప్యాంటు అంచు చైన్‌లో, స్కూల్ బ్యాగు పట్టీ ఊచల్లో పడతాయి. ప్యాంటు కుడి కాలికి రబ్బరు బ్యాండు వేసుకుంటే చాలు. చట్టం అడగకపోయినా హెల్మెట్ పెట్టుకోండి, దీని మీద నేను వాదించను.

ఏ దారిన వెళ్లాలి

బైకు మీద వెళ్లే దారే సైకిల్‌కి కూడా మంచి దారి అనుకోవద్దు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి బైకులనే రానివ్వరు, ఇక సైకిల్ మాట అడగక్కర్లేదు. సర్వీస్ రోడ్డు మీద మాత్రం వెళ్లొచ్చు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి కూడా సైకిల్‌ని రానివ్వరు. బోర్డు మీద ఎర్ర వలయంలో సైకిల్ బొమ్మ ఉంటే సైకిళ్లకు ప్రవేశం లేదని. నీలం వలయంలో తెల్ల సైకిల్ ఉంటే అది సైకిళ్ల కోసం వేసిన దారి. ఎర్ర త్రికోణంలో సైకిల్ కనబడితే అది మనకి కాదు, ఇక్కడ సైకిళ్లు రోడ్డు దాటుతుంటాయి జాగ్రత్త అని బళ్లవాళ్లకి.

మామూలు ఫ్లైఓవర్లకి బోర్డు లేకపోయినా నేను ఎక్కను. షేక్‌పేట ఫ్లైఓవర్ వచ్చాక నా ఆఫీసు దారిలో రెండు మార్గాలయ్యాయి. పైన వెళ్తే సిగ్నళ్లు లేవు, కానీ ఎక్కేటప్పుడు నా వేగం పదికి పడిపోతుంది, వెనకవాళ్లు అరవైలో ఉంటారు, పక్కకి తప్పుకోవడానికి పిట్టగోడ తప్ప ఏమీ లేదు. కింద ఐదు నిమిషాలు ఎక్కువ. అయినా కిందే. ఫ్లైఓవర్ మొదలయ్యే చోట ఒక్కటి చూసుకోండి. పైకి వెళ్దామనుకున్న కారు ఆఖరి క్షణంలో మనసు మార్చుకుని ఎడమకి కోస్తుంది, సరిగ్గా మీ ముందుకి. అక్కడికి వంద అడుగుల ముందు నుంచే ఒకసారి వెనక్కి తిరిగి చూడటం అలవాటు చేసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద వేసిన సైకిల్ ట్రాక్ మంచి చోటు. 2023 అక్టోబరు 1న తెరిచారు, అప్పటికి మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకోటి. అక్కడ ఒంటిచేత్తో తొక్కడం, తొక్కుతూనే భుజం మీదుగా వెనక్కి చూడటం, ఈ రెండూ తడబడకుండా వచ్చేదాకా మెయిన్ రోడ్డు మీదికి రావద్దు. ఇంటి నుంచి ఆఫీసు దారిని ముందు ఓ ఆదివారం పొద్దున్నే తొక్కి చూసుకోండి. గుంతలెక్కడున్నాయో ఖాళీ రోడ్డు మీదే బాగా కనిపిస్తాయి.

ఎడమ పక్కనే, కానీ అంచు మీద కాదు

మన దేశంలో ఎడమ వైపు నడపాలి. దీనికి మినహాయింపు లేదు. "ఎదురుగా వచ్చే బండి కనబడుతుంది కాబట్టి రాంగ్ రూట్‌లోనే సేఫ్" అని చదువుకున్నవాళ్లు కూడా అంటుంటారు. లెక్క వేసి చూడండి. మీరు గంటకి 15 కిలోమీటర్లు, కారు 40. ఒకే దిక్కుకి పోతుంటే కారు మీ దగ్గరికి వచ్చే వేగం 25. ముప్పై మీటర్ల దూరంలో మిమ్మల్ని చూస్తే దాని చేతిలో నాలుగు సెకన్లకి పైనే ఉంటుంది. ఎదురెదురుగా అయితే ఆ వేగం 55, చేతిలో రెండు సెకన్లు. పైగా గల్లీలోంచి మెయిన్ రోడ్డెక్కే బండివాడు కుడి వైపు చూసి వచ్చేస్తాడు, ఎడమ నుంచి సైకిల్ వస్తుందని వాడు కలలో కూడా అనుకోడు.

ఎడమ అంటే మరీ రోడ్డు అంచు కాదు. అంచున ఇసుక, గాజు పెంకులు, డ్రెయిన్ జాలీలు ఉంటాయి. జాలీ సందులు రోడ్డు పొడవునా ఉంటే సన్న టైరు సూటిగా దిగబడుతుంది. అంచు నుంచి సుమారు మూడడుగులు వదిలి తొక్కండి. మొదట్లో భయమేస్తుంది, నాకూ వేసింది. కానీ అంచుకి అంటుకుని తొక్కినంత కాలం ప్రతి ఆటోవాడూ నా పక్కన ఇంకా చోటుందనుకుని మోచేతికి రాసుకుంటూ పోయాడు. మూడడుగులు వదిలాక తిట్టుకుంటూనే చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఆగి ఉన్న కార్ల సందుల్లోకి దూరి మళ్లీ బయటికి రావద్దు. ఖాళీ ఉన్నా గీత గీసినట్టు సూటిగా పొండి. వెనకవాడి కంటికి మీరు సందులో మాయమై హఠాత్తుగా ఊడిపడకూడదు.

ఆ కార్ల తలుపులు వేరే ప్రమాదం. ఎడమకి ఆపిన కారులోంచి డ్రైవర్ దిగేది కుడి తలుపు తీసుకుని, అంటే మన మీదికే. ఒకసారి అలా తలుపు తగిలి నా కుడి మోకాలు చీరుకుపోయింది. దిగినాయన మంచివాడే, నీళ్లిచ్చాడు, కానీ "మీరు ఎక్కణ్నుంచి వచ్చారు?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు. అప్పట్నుంచి ఆగిన కారుకి నాలుగడుగులు దూరంగా పోతాను. వెనక అద్దంలోంచి సీట్లో తల కనబడితే, బ్రేక్ లైటు అప్పుడే ఆరితే, తలుపు తెరుచుకోబోతుందని లెక్క.

ఫుట్‌పాత్ నడిచేవాళ్లది. దాని మీదికి ఎక్కాల్సి వస్తే దిగి నడిపించండి.

చెయ్యి చూపించడం

మనకి ఇండికేటర్లు లేవు, చేతులే. కుడికి తిరగాలంటే కుడి చెయ్యి భుజం ఎత్తులో బారుగా చాపి, అరచెయ్యి ముందుకి. ఎడమకి తిరగాలంటే ఎడమ చెయ్యి అలాగే. నెమ్మదిస్తున్నానని చెప్పడానికి కుడి చెయ్యి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడించాలి. ఆగుతున్నానంటే కుడి మోచేతిని మడిచి ముంజేతిని నిలువుగా పైకెత్తాలి.

వరస ఇలా ఉండాలి: ముందు వెనక్కి చూడటం, తర్వాత చెయ్యి, మళ్లీ ఒక చూపు, అప్పుడు తిరగడం. చెయ్యి చాపేసి చూడకుండా తిరిగిపోవడం మనవాళ్ల అలవాటు, అది సిగ్నల్ ఇవ్వడం కాదు, దేవుడి మీద భారం వెయ్యడం. మలుపు తిరిగేటప్పటికి రెండు చేతులూ హ్యాండిల్ మీదికి వచ్చేయాలి. గుంతల రోడ్డు మీద ఒంటిచేత్తో మలుపు తిప్పవద్దు.

జంక్షన్: దెబ్బలన్నీ తగిలేది ఇక్కడే

రెడ్ అంటే ఆగాలి, స్టాప్ లైన్ వెనకే. జీబ్రా గీతల మీద కాదు. పసుపు పడితే, ఆగలేనంత దగ్గరికి వచ్చేసి ఉంటే తప్ప ఆగాలి. లైటు ఒకటి చెప్పి, జంక్షన్‌లో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఇంకోటి చెబితే, పోలీసు చెప్పిందే వినాలి.

హైదరాబాద్‌లో అసలు తలనొప్పి ఫ్రీ లెఫ్ట్, అంటే ఎడమకి తిరిగేవాళ్లు సిగ్నల్ కోసం ఆగక్కర్లేకపోవడం. సూటిగా పోవాల్సిన మనం ఎడమ అంచున ఆగితే, వెనక ఎడమకి తిరిగేవాళ్లు హారన్లతో చెవులు బద్దలు కొడతారు. గ్రీన్ పడగానే మనం సూటిగా కదులుతాం, మన కుడి పక్క నుంచి కారు ఎడమకి కోసుకుంటూ వస్తుంది. మధ్యలో మన ముందు చక్రం. దీనికి మందు ఒకటే. సూటిగా పోవాలనుకుంటే సిగ్నల్‌కి చాలా ముందే వెనక్కి చూసి, చెయ్యి చూపించి, ఎడమకి తిరిగే వరసకి కుడి పక్కన ఉన్న వరసలోకి వచ్చి, అందులో ఒక బండి వెనక ఒక బండిలా నిలబడండి. రెండు కార్ల సందులో నిలబడకండి.

కుడికి తిరగడం ఇంకా కష్టం. చిన్న రోడ్డయితే ముందుగానే మధ్యకి జరిగి తిరగొచ్చు. బయోడైవర్సిటీ లాంటి పెద్ద జంక్షన్లలో ఆ సాహసం వద్దు. అక్కడ రెండు అంచెల్లో తిరగండి. మీ గ్రీన్‌లో సూటిగా జంక్షన్ దాటి అవతలి ఎడమ మూలకి చేరండి. అక్కడ ఆగి, సైకిల్‌ని కుడి వైపుకి తిప్పి పెట్టుకోండి. ఇప్పుడు మీరు అడ్డ రోడ్డు నుంచి వచ్చిన బండితో సమానం. ఆ రోడ్డుకి గ్రీన్ పడగానే వాళ్లతో పాటే సూటిగా వెళ్లిపోండి. ఒక సిగ్నల్ ఎక్కువ ఆగుతారు, అంతే.

ఈ మధ్య చాలా జంక్షన్లు మూసేసి అర కిలోమీటరు అవతల యూ టర్న్‌లు పెట్టారు. మోటారు బండికి అది ఒక నిమిషం. మనకి మూడు వరసలు దాటి డివైడర్ దాకా పోవడం, మళ్లీ అవతల మూడు వరసలు దాటి ఎడమకి రావడం. నేను ఆ పని చెయ్యను. దిగి, జీబ్రా క్రాసింగ్ దగ్గర సైకిల్ నడిపించుకుంటూ దాటుతాను. దిగి నడిపిస్తున్నంతసేపూ పాదచారిలాగే దాటొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. మెట్రో పిల్లర్ల మధ్య యూ టర్న్ ఉన్నచోట సూటిగా పోతున్నా బ్రేకు మీద వేళ్లు ఉంచుకోండి, పిల్లర్ చాటు నుంచి బండి ముక్కు బయటికొచ్చేదాకా కనపడదు.

సిగ్నల్ లేని చోట మెయిన్ రోడ్డు మీది బండికి దారివ్వాలి. రెండూ ఒకేలాంటి రోడ్లయితే కుడి వైపు నుంచి వచ్చేవాళ్లది ముందు. రౌండ్ అబౌట్‌లో అప్పటికే తిరుగుతున్నవాళ్లు పోయాకే లోపలికి. రూల్ ఇదీ. ఎదుటివాడు పాటిస్తాడని మాత్రం పందెం కాయకండి, వాడి కళ్లు మీ మీద పడ్డాయో లేదో చూసి కదలండి.

బస్సు, లారీ, ఆటో

బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందు కనబడితే దూరాలనిపిస్తుంది. ఎప్పుడూ దూరకండి. స్టాపులో బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, జనం ఎడమకి దూకుతారు, మీరు వాళ్ల మీదికి పోతారు. అంతకన్నా ఘోరం, బస్సు ఎడమకి తిరిగితే వెనక చక్రం ముందు చక్రం కంటే లోపలికి కోసుకుంటూ వస్తుంది. దాని పక్కన ఇరుక్కుంటే బయటపడే దారి లేదు. సిగ్నల్ దగ్గర లారీ ఆగి ఉంటే దాని వెనకే ఉండండి. అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనిపించడం లేదంటే, మీరూ అతనికి కనిపించడం లేదు.

షేరింగ్ ఆటో విషయంలో దాని లైట్లు చూసి లాభం లేదు, రోడ్డు పక్క మనుషుల్ని చూడండి. ఎవరైనా చెయ్యెత్తితే మీ ముందున్న ఆటో ఉన్నచోటే ఆగిపోతుంది.

రాత్రి, వాన

చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. ముందు లైటుని కొంచెం కిందికి వంచి పెట్టండి, ఎదుటివాడి కళ్లలోకి కాదు. వీధి దీపాలున్నాయి కదా అనుకోకండి. అవి మీకు రోడ్డు చూపిస్తాయి, కారువాడికి మిమ్మల్ని చూపించాలని లేదు.

వానలో సైకిల్ బ్రేకు మొదట పట్టదు. రిమ్ము మీది నీళ్లు తుడుచుకుపోవడానికి చక్రం రెండు మూడు చుట్లు తిరగాలి, కాబట్టి ముందు మెల్లగా తాకించి, తర్వాత పట్టండి. రోడ్డు మీది తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే సబ్బులా జారతాయి, వాటి మీద మలుపు తిప్పవద్దు. నీళ్లు నిలిచిన చోట అడుగు కనబడకపోతే దిగిపోండి. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైనుంచి తెలియదు.

చెవుల్లో పాటలు, చేతిలో ఫోన్ సంగతి విడిగా చెప్పాలా? వెనక హారన్ ఎటు నుంచి వస్తోందో చెవే చెప్పాలి. నలుగురు కలిసి వెళ్తుంటే ఒకరి వెనక ఒకరు, కబుర్లు టీ దగ్గర.

బ్యాటరీ సైకిల్ కొన్నవాళ్లకి

పెడల్‌కి సాయంగా చిన్న మోటారు ఉన్నంత మాత్రాన అది మోటారు బండి అయిపోదు. కేంద్ర మోటారు వాహనాల రూల్స్ ప్రకారం మోటారు శక్తి 0.25 కిలోవాట్ కంటే తక్కువ ఉండి, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటకుండా ఉండాలి. బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకూడదు. సరైన బ్రేకులు, ముందు తెల్ల, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. "స్పీడ్ లాక్ తీసేస్తే నలభై పోతుంది సార్" అని షాపులో ఆశపెడితే ఒప్పుకోకండి. ఆ క్షణం నుంచి దానికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, మీకు లైసెన్సు కావాలి. ఇవేవీ లేకుండా ఎవరినైనా గుద్దితే మీ పని అంతే.

దెబ్బ తగిలితే

ముందు రోడ్డు మధ్య నుంచి పక్కకి రండి. 112కి గానీ 108కి గానీ ఫోన్. గుద్దిన బండి నంబర్ గట్టిగా పైకి చదవండి, మీకు గుర్తుండకపోయినా చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరికి గుర్తుంటుంది. సైకిల్ పడ్డ చోటు ఫొటో తీయించండి, "ఏం కాలేదులే" అని లేచి వెళ్లిపోకండి. ఒళ్లు వేడి మీద ఉన్నప్పుడు విరిగిన ఎముక కూడా తెలియదు.

మోటారు బండి వల్ల ప్రమాదం జరిగితే 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకూ వైద్యం దొరుకుతుంది. గుద్ది పారిపోయిన బండి ఏదో తేలకపోయినా పరిహారం ఉంది: ప్రాణం పోతే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. బండి తెలిస్తే ట్రిబ్యునల్‌లో కేసు వెయ్యాలి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు అని చట్టంలో ఉంది, కాబట్టి కాలయాపన వద్దు. దీనంతటికీ పోలీసు స్టేషన్‌లో కాగితం పుట్టాలి. మిమ్మల్ని ఆసుపత్రికి చేర్చినవాళ్లని ఎవరూ ఇబ్బంది పెట్టకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ కాపాడుతుంది. వాళ్లు భయపడుతుంటే ఈ మాట చెప్పండి.

చివరిగా, బైకు మీద వెళ్లేవాళ్ల జేబులో కనీసం లైసెన్సు ఉంటుంది, పేరు తెలుస్తుంది. మన దగ్గర అదీ ఉండదు, ఫోన్ ఉంటే దానికి లాక్. నా సైకిల్ సీటు కింద పంక్చర్ సామాన్ల సంచిలో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన చీటీ ఒకటుంటుంది: పేరు, బ్లడ్ గ్రూపు, మా ఆవిడ నంబరు. పేరు హెల్మెట్ లోపల కూడా మార్కర్‌తో రాసుకున్నాను.